ఊపిరి తీసే బావి

సుంబర్‌వాంగి, మధ్య జావా
16 ఏప్రిల్ 2001

తమ్ముడు వర్దొయోకి,

ఊట కడిగే పండగ అయిపోయింది. నువ్వు రాలేదు. నీ వాటా కోడికూరా అన్నమూ మీ బావే తిన్నాడు, "కంపెనీ వాడికి మన తిండి ఇప్పుడు అరగదులే" అంటూ. ఆయన మాటలకేం గానీ, నేను మాత్రం బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాను.

నీకొక సంగతి చెప్పాలి. ఏటా పూలు వేస్తే నీళ్ళతో పాటు కిందికి, పొలాల వైపు కొట్టుకొస్తాయి కదా. ఈ ఏడు రాలేదు. రుబియెమ్ అవ్వ బుట్ట వంచింది. పూలు కాసేపు అక్కడక్కడే తిరిగాయి. తర్వాత ఒక్కొక్కటీ వెనక్కి జరిగి బండ నెర్రెలోకి పోయాయి, లోపల్నించి ఎవరో తీరిగ్గా ఏరుకుంటున్నట్టు. పూలే కదా అనుకున్నాం. సాంబ్రాణి వెలిగిస్తే పొగ కూడా పైకి లేవలేదు. నేలబారుగా పాకి అదే నెర్రెలోకి దిగిపోయింది. దువా చదువుతున్న పెద్దాయన అది చూసి సగంలో ఆగిపోయాడు. మళ్ళీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆయనకి గుర్తురాలేదు.

అవ్వ పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ ఊటను చూసుకుంటోంది. "ఇన్నాళ్ళూ ఇచ్చేది. ఇప్పుడు పుచ్చుకుంటోంది" అని, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఊటకేసి వీపు పెట్టకుండా వెనక్కి నడిచింది.

మన ఊరికి పైన కంచె వేసి మీ సీసా నీళ్ళ కంపెనీ వాళ్ళు వేసిన బోరు ఈ జనవరి నుంచి పగలూ రాత్రీ నడుస్తోంది. దాని వల్లేనేమోనని కొందరంటున్నారు. ఊరిపెద్ద సుగెంగ్ గారు కంపెనీ ఇచ్చిన కాగితం చదివి వినిపించారు. వాళ్ళు తోడేది వేరే పొరలో నీళ్ళట, మన ఊట పొర వేరట, మధ్యలో గట్టి రాయి అడ్డంగా ఉందట. కాగితం ఏమన్నా నాకు పట్టదు. నువ్వు అక్కడే పని చేస్తున్నావు, కొలతలు తీసేది నువ్వే. నువ్వు చెప్పు, నమ్ముతాను.

మీ అక్క
పోనిరా


రెజోసారి, కంపెనీ క్వార్టర్స్
9 మే 2001

ప్రియమైన అక్కకి,

ఉత్తరం ఆలస్యమైనందుకు క్షమించు. ఇక్కడ కొత్త యంత్రాలు బిగిస్తున్నారు, తీరిక ఉండటం లేదు.

నువ్వు అడిగిన దానికి చెప్తున్నాను. భూమి లోపల నీళ్ళు పొరలు పొరలుగా ఉంటాయి. ఊట నీళ్ళు పై పొరవి. కంపెనీ తోడేది చాలా లోతు పొర. రెండిటికీ సంబంధం లేదని పరీక్షలు చేసే రాశారు. పోయిన ఏడు వానలు తక్కువ పడ్డాయి, ఊట తగ్గితే అందుకే అయి ఉంటుంది. పొగ సంగతి గాలి వల్ల జరిగి ఉంటుంది. బండల మధ్య గాలి ఒక్కోసారి అలాగే తిరుగుతుంది. ఊళ్ళో వాళ్ళకి కూడా ఇదే చెప్పు.

బావకి ఒక చొక్కా పంపుతున్నాను. కూరగాయల లారీ డ్రైవరు తెచ్చి ఇస్తాడు.

ఊరికే అడుగుతున్నాను, ఈసారి బుట్టలో ఏయే పూలు వేశారు? తెల్ల సంపెంగలు కూడా ఉన్నాయా? వాటిని విడిగా వేశారా, దారంతో కట్టి వేశారా?

వర్దొయో


సుంబర్‌వాంగి
22 జూలై 2001

తమ్ముడూ,

నువ్వు పూల గురించి ఎందుకు అడిగావో రెండు నెలలుగా ఆలోచిస్తున్నాను. చిన్నప్పుడు కూడా పండగ పూల మొహం చూడని వాడివి. తెల్ల సంపెంగలు ఉన్నాయి. మన పెరట్లో చెట్టువే. రుబియెమ్ అవ్వ ఎర్ర దారంతో కట్టింది. ఈ ఏడే అలా కట్టింది, చూపు ఆనక పూలు చేతిలోంచి జారిపోతున్నాయని. ఈ సంగతి మాకు తప్ప ఎవరికీ తెలియదు.

చొక్కా సరిపోయింది. బావ దాన్ని పొలానికే వేసుకెళ్తున్నాడు, దాచుకోమంటే వినడు.

పొలం అని రాశాను గానీ, చూస్తే నువ్వు గుర్తుపట్టవు. రెండో పంట సగం కూడా చేతికి వచ్చేలా లేదు. పై మడుల్లో నెర్రెలు పడ్డాయి, నా చెయ్యి మోచేతి దాకా దూరుతుంది. దూర్చాను కూడా. లోపల చల్లగా ఉంది, వేళ్ళ మీదుగా గాలి కిందికి పోతోంది. చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాను. కప్పల అరుపు విని ఎన్నాళ్ళయిందో.

ఇక బావి. పిల్లలు పడకుండా మీ బావ చెక్క మూత చేశాడు. నెల రోజులుగా ఆ మూత సందుల్లోంచి ఈల వినపడుతోంది. పొద్దెక్కే కొద్దీ ఎక్కువవుతుంది, మిట్టమధ్యాహ్నం ఎవరో పళ్ళ సందున గాలి లాగుతున్నట్టు ఉంటుంది. మూత ఎత్తాలంటే ఇద్దరు కావాలి, లోపల్నించి పట్టుకుని లాగుతున్నట్టు. కోడి ఈక పడేస్తే గిరగిరా తిరుగుతూ లోపలికి పోతుంది. పక్కింటి గియోనో వాళ్ళ బావీ అంతే, మసీదు బావీ అంతే. ఒక్కో బావిది ఒక్కో గొంతు. మధ్యాహ్నం పూట వీధిలో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ చప్పుడు మీద మాట్లాడితే అది వింటుందేమో అన్నట్టు ఉంది.

మొన్న ముగ్గురు రైతులు మీ కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళారు. లోపలికి రానివ్వలేదు. ఎండలో నిలబడ్డారని కాపలావాడు జాలిపడి తలా ఒక సీసా నీళ్ళు ఇచ్చాడట. గియోనో తాగకుండా ఇంటికి తెచ్చాడు. ఆ సీసా ఖరీదు కిలో వడ్లకి మాకు వచ్చే ధర కంటే ఎక్కువ. రుబియెమ్ అవ్వ ఒక్క గుక్క తాగి, నోట్లోనే ఉంచుకుని, "ఇది మన ఊట నీళ్ళే" అంది. ముసలామె మాట ఎవరు పట్టించుకుంటారు.

బావిలో నీళ్ళు అడుగంటాయి. కోతలయ్యాక ఇంకో బారెడు లోతు తవ్వుతానంటున్నాడు మీ బావ.

అక్క


రెజోసారి
6 ఆగస్టు 2001

అక్కా,

ఎవర్నీ బావిలోకి దిగనివ్వొద్దు. బావనే కాదు, ఎవర్నీ. నీళ్ళు కావాలంటే నేను ట్యాంకరు పంపే ఏర్పాటు చేస్తాను.

కారణం అడక్కు. నా మాట విను.

వర్దొయో


సుంబర్‌వాంగి
19 ఆగస్టు 2001

తమ్ముడూ,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. నవ్వాడు. "సీసా నీళ్ళు తాగి తాగి వీడికి బావంటే భయం పట్టుకుంది. మీ నాన్న తవ్విన బావి, నేను నాలుగుసార్లు పూడిక తీసిన బావి. కారణం చెప్పకుండా వద్దంటే ఆగడానికి నేనేమైనా వీడి కంపెనీలో కూలీనా?" అన్నాడు. మీ బావ దార్మిన్ సంగతి నీకు తెలుసు కదా. ఎందుకో చెప్తే ఎంత మాటైనా వింటాడు, చెప్పకపోతే వినడు.

నీ ఉత్తరంలో ఒక వరుస కొట్టేశావు. ఎండకి పట్టి చూశాను, ఒక్క అక్షరం కనపడలేదు. అంత గట్టిగా ఎందుకు కొట్టేశావు? కాగితం చిరిగింది కూడా.

ట్యాంకరు రాలేదు.

ఆయన పెద్ద తాడు, తట్ట తీసి పెట్టాడు. ఆ ఈల చెవిలో పెట్టుకుని తవ్వలేడట. అది ఆగిన రోజు చూసి దిగుతానన్నాడు.

అక్క


సుంబర్‌వాంగి
6 సెప్టెంబరు 2001

వర్దొయోకి,

ఆగస్టు 28, మంగళవారం నాడు దార్మిన్ చనిపోయాడు.

ఆ రోజు పొద్దున ఈల ఆగిపోయింది. రెండు నెలల తర్వాత మొదటిసారి పిట్టల అరుపులు వినపడ్డాయి. నాకు సంతోషం వేసింది, ఆ మాట దాచను. మూత ఒక్కదాన్నే ఎత్తాను. చేతికి బరువే తెలియలేదు, కింద నుంచి ఎవరో ఎత్తి అందిస్తున్నట్టు వచ్చేసింది. బావిలోంచి వెచ్చటి గాలి మొహానికి తగిలింది. దానికి వాసన లేదు. ఒడ్డున కూర్చున్న కోడిపెట్ట తల వాల్చేసింది. నిద్రపోతోందనుకున్నాను.

ఆయన తాడు పట్టుకుని దిగాడు. అడుగుకి చేరాక, "పోనిరా, ఇక్కడ వెచ్చగా ఉందే" అన్నాడు. కొంతసేపటికి నవ్వాడు. "పాదాల కింద తడి వస్తోంది. ఇంకా తవ్వనే లేదు, నీళ్ళు వాటంతటవే పైకొస్తున్నాయి" అన్నాడు. ఆ గొంతులో అంత ఆనందం పెళ్ళి నాడు కూడా వినలేదు. తర్వాత ఏమీ అనలేదు. నేను పిలిచాను. బావి నా పిలుపునే నాకు తిరిగిచ్చింది.

గియోనో పరుగెత్తుకొచ్చి తాడు అందుకున్నాడు. నీ ఉత్తరం గుర్తొచ్చింది. అతని చొక్కా రెండు చేతులా పట్టుకుని గోడకి ఆనుకున్నాను. "వదులక్కా, మనిషి పోతాడు" అని అరిచాడు. వదల్లేదు. చొక్కా చిరిగింది, అయినా వదల్లేదు. తర్వాత కొక్కేలు వేసి పైకి తీశారు. ఒంటి మీద దెబ్బ లేదు. నీళ్ళు చీలమండ దాకానే ఉన్నాయట. కళ్ళు తెరిచే ఉన్నాయి, నీళ్ళొస్తున్నాయని చెబుతున్న మొహమే అది.

సాయంత్రం అయ్యేసరికి బావి మళ్ళీ ఈల వేయడం మొదలుపెట్టింది. నీళ్ళు వెనక్కి పోయాయి. ఊళ్ళో వాళ్ళు అది మనిషిని అడిగిందని, తీసుకుందని అంటున్నారు.

నీకు కబురు గేటు దగ్గరికే పంపాం. మట్టి ఇవ్వడానికి నువ్వు రాలేదు. ఏడో రోజు ప్రార్థనకీ రాలేదు.

నీకు అక్షరాలు దిద్దించింది నేను. కారణం అడక్కు అని రాశావు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ కొట్టేసిన వరుసలో ఏముంది?

పోనిరా


రెజోసారి
15 సెప్టెంబరు 2001

అక్కా,

కొట్టేసిన వరుస ఇది: "ఈల ఆగిన రోజు మరీ ప్రమాదం, మోటారు ఆపినప్పుడు బావులు చెడ్డ గాలి వదులుతాయి."

ఆ ఒక్క వరుస ఉంచితే, మా మోటారుకీ మీ బావికీ సంబంధం ఉందని నా చేత్తో నేను రాసిచ్చినట్టు. ఎవరైనా చూస్తే నా ఉద్యోగం పోతుందని కొట్టేశాను. అంతకు మించి కారణం లేదు.

మొదట్నుంచీ చెప్తాను. ఊరిపెద్ద మీకు చదివి వినిపించిన కాగితంలో కొలతలు నావి, కింద సంతకం నాది. పరీక్ష నిండు వానాకాలంలో చేశాం, మోటారు సగం జోరు మీద నడిపి చేశాం. అలా చేస్తే ఊటలో తేడా కనపడదని నాకు తెలుసు, మేనేజరుకీ తెలుసు. మధ్యలో గట్టి రాయి అని రాశాను. అది చల్లారిన లావా రాయి, నిండా బొరియలే. మన ఊరు, మీ బావులు, ఊట, కంపెనీ బోరు అన్నీ ఒకే రాతి మీద ఉన్నాయి.

ఏప్రిల్ 19న ఇక్కడ, మన ఊరి పై బోరు నుంచి నీళ్ళు తెచ్చే గొట్టం చివర జల్లెడ తెరిచి శుభ్రం చేస్తున్నాను. దాని నిండా పూరేకులు. గులాబీవి నల్లబడి ఉన్నాయి, సంపెంగలు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఒక రేకుకి ఎర్ర దారం చుట్టుకుని ఉంది. యంత్రాల గదిలో మన పెరటి వాసన వచ్చింది. అక్కడే నేల మీద కూర్చున్నాను. మేనేజరుకి చూపించాను. ఆయన చూసి, "కడిగి మూసెయ్. ఈ గదిలోకి నువ్వు తప్ప ఎవరూ రారుగా" అన్నాడు. కడిగి మూసేశాను. నీకు ఉత్తరంలో గాలి వల్ల అని రాశాను.

మోటారు నడిచినంతసేపూ రాతిలో నీళ్ళు దిగిపోతాయి, ఆ ఖాళీలోకి మీ బావులు గాలి పీల్చుకుంటాయి. ఆ గాలి రాతి లోపల నిలవ ఉండి చచ్చిపోతుంది. మోటారు ఆపితే నీళ్ళు మళ్ళీ లేస్తాయి, ఆ చచ్చిన గాలిని పైకి తోస్తాయి. దీపం పెడితే ఆరిపోతుంది. మనిషికి తెలియను కూడా తెలియదు.

28వ తారీఖు పొద్దున గొట్టం కడగడానికి మోటారు ఆపమని బోరు కాపలాదారుకి ఆర్డరు వెళ్ళింది. ఏడింటి నుంచి రెండింటి దాకా. ఆ ఆర్డరు రాసింది నేను.

కబురు అందగానే బయల్దేరాను. రోడ్డు మలుపు దాకా వచ్చాను. కింద పాడె వెళ్తోంది. నువ్వు వెనక నడుస్తున్నావు, చేతిలో చిరిగిన చొక్కా గుడ్డ ముక్క ఉంది. ఎదురు బస్సు వస్తే ఎక్కి వెనక్కి వచ్చేశాను.

రోజువారీ కొలతల పుస్తకం నా దగ్గర ఉంది. ఆఫీసుకి ఇచ్చిన లెక్కలు కావు, నిజంగా తీసినవి. నకలు ఇందులో పెట్టాను. ఎవరికి ఇమ్మంటావో చెప్పు, ఇస్తాను.

వర్దొయో


సుంబర్‌వాంగి
14 అక్టోబరు 2001

వర్దొయోకి,

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యేదాకా నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. అయ్యాక, తినడానికి కూర్చున్న అందరి ముందూ చదివాను. మొదటి నుంచి చివరి దాకా, పూల దగ్గర కూడా ఆగకుండా. గియోనో గిన్నె కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. కొందరు నీ కాళ్ళు విరగ్గొడతామన్నారు. నేను కాదనలేదు. రుబియెమ్ అవ్వ మాత్రం, "పూలు వాడి దగ్గరికే ఎందుకు వెళ్ళాయో ఆలోచించండి. ఆ గదిలో ఇంకెవరైనా ఉంటే మనకి ఈపాటికి తెలిసేదా?" అంది.

ఇప్పుడు బావులకి తాళ్ళు చుట్టి, ముళ్ళకంప వేశాం. నీళ్ళు నది దాకా పోయి మోసుకొస్తున్నాం. మధ్యాహ్నం ఈల అలాగే ఉంది. ఇదివరకు అది ఏమిటో తెలియక భయపడేదాన్ని. తెలిశాక భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఆ గాలి ఎక్కడికి పోతోందో, ఎవరు పీలుస్తున్నారో ఇప్పుడు తెలుసు.

నువ్వు పంపిన నకలు జిల్లా ఆఫీసులో ఇచ్చాం, డిసెంబరు 5న అక్కడ విచారణ పెట్టారు. కాగితాలు చాలవట, కంపెనీ దగ్గర అంతకంటే దళసరి కాగితాలు ఉన్నాయట. నువ్వు వచ్చి నోటితో చెప్పాలి. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుంటాను. నా మొహం చూసి మాట్లాడొద్దు, ఆఫీసరు వైపు చూసి మాట్లాడు.

పోనిరా


రెజోసారి, బస్టాండు వెనక అద్దె గది
20 జనవరి 2002

అక్కా,

విచారణలో నువ్వు ఉన్నావని తెలుసు. నువ్వు చెప్పినట్టే ఆఫీసరు వైపే చూశాను. కంపెనీ వకీలు, "మీరు అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెప్తున్నారా?" అని అడిగినప్పుడు మాత్రం ఒక్కసారి తల తిప్పాను. నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తున్నావు. "అప్పుడు" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. అంత తేలికైతే మేలోనే ఎందుకు రాయలేకపోయానో అర్థం కావడం లేదు.

మర్నాడే క్వార్టర్స్ ఖాళీ చేయించారు. నా మీద కేసు వేస్తామంటున్నారు, రహస్యాలు బయటపెట్టానని. వెయ్యనీ.

ఆర్డరు వచ్చిందని విన్నాను, ఫిబ్రవరి ఒకటి నుంచి మన పై బోరు మూసేయాలని. కింద కంపెనీకి ముందు నుంచీ ఉన్న పాత బోరు మాత్రం నడుస్తూనే ఉంటుందట. అంటే సగమే గెలిచాం. ఒకటో తారీఖు నుంచి మూడు నాలుగు రోజులు బావుల దగ్గరికి ఎవర్నీ పోనివ్వొద్దు. ఇళ్ళ తలుపులన్నీ తెరిచి పెట్టండి, పిల్లల్ని నేల మీద పడుకోబెట్టొద్దు. ఎందుకో నీకు తెలుసు. అయినా రాస్తున్నాను, గాలి బరువుగా ఉంటుంది, నేల పట్టుకుని పాకుతుంది.

కంపెనీ కొండకి అవతలి వైపు కెడుంగ్‌రెజోలో అనుమతి తెచ్చుకుంది. తవ్వకం మొదలైంది. అక్కడి కాగితం మీద వేరే వాడి సంతకం.

నేను ఇంటికి రానా?

తమ్ముడు


సుంబర్‌వాంగి
11 ఫిబ్రవరి 2002

తమ్ముడూ,

ఒకటో తారీఖు పొద్దున ఈల ఆగింది. ఈసారి ఎవరం సంతోషపడలేదు. పిల్లల్ని, ముసలివాళ్ళని మిట్ట మీది బడికి పంపాం. మేం కొందరం దూరంగా కూర్చుని ఊరిని చూస్తూ ఉన్నాం. ఒక్కో బావి దగ్గర గడ్డి పరకలు బయటి వైపుకి వంగాయి. మసీదు బావి దగ్గర పెట్టిన లాంతరు ఆరిపోయింది. గియోనో మూడుసార్లు కర్రతో జరిపి వెలిగించాడు, మూడుసార్లూ ఆరింది. వరసగా మూడు రోజులు ఊరంతా ఒక్కటే నిట్టూర్పు. కుక్కలు వీధిలోకి రాలేదు.

నాలుగో రోజు లాంతరు ఆరలేదు. రాయి వేస్తే నీటి చప్పుడు వచ్చింది. మొదటి బకెట్ మట్టినీళ్ళు. ఎవరూ ముట్టుకోలేదు, నేను కడిగేసి రెండోది తోడాను. మా బావి నీళ్ళు నేను తాగడం లేదు. పొలానికి మాత్రం వాడుతున్నాను. ఊట పాత ఊట కాదు, సగం ఉంటుంది. కింది మడులకి చాలు, పై మడులు ఈ ఏడు వదిలేశాం.

దార్మిన్ వేసుకున్న నీ చొక్కా ఉతికి పెట్టెలో పెట్టాను. దాన్ని ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. నిన్ను కూడా అంతే. క్షమించానని రాయమంటే రాయగలను, అది అబద్ధం అవుతుంది. మన ఇంట్లో ఇంక ఉత్తరాల్లో అబద్ధాలు వద్దు.

మొన్న కెడుంగ్‌రెజో నుంచి ఒకామె వచ్చింది, మాకు జరిగింది నిజమేనా అని కనుక్కోవడానికి. వాళ్ళ బావుల్లో నీళ్ళు అప్పుడే మూరెడు తగ్గాయట. వాళ్ళాయన ఎండాకాలం రాకముందే లోతు చేయిస్తానంటున్నాడట. నేను చెప్పాను. ఆమె విన్నది, కానీ దయ్యం కథ విన్నట్టు విన్నది. నాకు రాళ్ళు, పొరలు, మోటార్లు చెప్పడం చేతకాదు.

ఇంటికి రానా అని అడిగావు. ముందు అక్కడికి వెళ్ళు. బావి ఉన్న ప్రతి గడపా ఎక్కు. నువ్వెవరివో, ఏం చేశావో, మీ బావ ఎలా పోయాడో చెప్పు. తిడతారు, పడు. కొడితే కొట్టించుకో. చివరి ఇల్లు అయ్యాక బస్సెక్కు.

నాట్లు ఇరవై ఐదున. ఈసారి నారు పట్టుకోవడానికి మగమనిషి లేడు. ఆ లోపు వస్తే పాత చెప్పులు వేసుకుని రా, గట్లు కొత్తగా వేశాం, జారుతున్నాయి.

అక్క